కాంప్లెక్స్ మీటింగులో 90 నిమిషాల సెషన్: ధ్యాస నిలవని పిల్లలు, శబ్దం-స్పర్శ తట్టుకోలేని పిల్లల గురించి టీచర్లకి ఏం నేర్పాలి?

ప్రశ్న: ఎస్‌జీటీ (ప్రైమరీ తరగతుల టీచర్), ప్రకాశం జిల్లా

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశంలో, ఒక సెషన్ నన్ను తీసుకోమన్నారు. ధ్యాస నిలవని పిల్లలు, సెన్సరీ ఇబ్బందులున్న పిల్లలు, వాళ్లకి మామూలు క్లాసులోనే ఎలా చెప్పాలి అన్నది విషయం. వచ్చేది 40 మంది దాకా, అందరూ ఒకటి నుంచి ఐదు వరకు చెప్పేవాళ్లే. నన్నే ఎందుకు పెట్టారంటే, పోయినేడాది మా రెండో తరగతిలో ఒక పిల్లవాడితో నేను పడ్డ అవస్థ మా హెచ్‌ఎం గారు దగ్గరుండి చూశారు.

ఆ సంగతి కాస్త చెప్తాను. మా బడిలో బెల్లంటే వరండా దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. మా క్లాసు గుమ్మానికి నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. అది మోగిన ప్రతిసారీ ఆ పిల్లవాడు రెండు చెవులూ గట్టిగా మూసుకుని డెస్కు కిందికి దూరిపోయేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. ఎక్కాలు అందరూ గొంతెత్తి చదవడం మొదలుపెడితే లేచి బయటికి పరుగు. కొత్త బూట్లు ఇచ్చిన రోజు సాక్సులో వేళ్ల దగ్గర కుట్టు గుచ్చుకుంటోందని విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు, మళ్లీ విప్పాడు, ప్రార్థన అయిపోయేదాకా అదే పని. నేను తిట్టాను, బయట నిలబెట్టాను, నా డైరీలో 'మొండి' అని రాశాను. ఆ మాట ఇప్పుడు చూసుకుంటే చాలా బాధేస్తుంది.

నవంబరులోనో ఎప్పుడో ఒకరోజు గమనించాను, బెల్లు మోగాక కాదు, మోగే టైము దగ్గర పడుతున్నప్పటి నుంచే వాడు గుమ్మం వైపు చూస్తూ పెన్సిల్ ఆపేస్తున్నాడు. ఎప్పుడు మోగుతుందో తెలియకపోవడమే వాడి టెన్షన్. హెచ్‌ఎం గారిని అడిగి బెల్లు కొట్టే పని వాడికే ఇప్పించాను. మొదటి రోజు సార్ వాడి చేతి మీద చెయ్యి వేసి మెల్లగా కొట్టించారు. రెండు వారాలకి వాడే కొట్టేవాడు, చెవులు మూసుకోవడం బాగా తగ్గింది. వేరేవాళ్లు కొట్టిన రోజు మాత్రం మళ్లీ మామూలే.

నా బాధ ఏమిటంటే, డీఎడ్‌లో సహిత విద్య గురించి చదివాను, సర్వీసులోకి వచ్చాక రెండు ట్రైనింగులకి వెళ్లాను, నిర్వచనాలు, రకాలు, లక్షణాలు అన్నీ రాసుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా నన్ను ఆ రైలు పట్టా ముక్క దగ్గరికి తీసుకెళ్లలేదు. ఇప్పుడు నేను తయారు చేసిన 28 స్లైడ్లు చూసుకుంటే అవీ అలాగే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు? 'ముప్పై మందిలో ఒక్కడి కోసం మేం ఎక్కడ ఆగుతాం మేడమ్' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, దానికి ఏం చెప్పాలో కూడా చెప్పండి.

జవాబు: ఐఈఆర్టీ, భవిత కేంద్రం

మేడమ్, నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రంలో సహిత విద్య రిసోర్స్ టీచర్‌ని (ఐఈఆర్టీ). ముందు ఆ స్లైడ్లు తీసేయండి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) లక్షణాలు చెప్పారనుకోండి, మర్నాటి నుంచి ప్రతి క్లాసులో నలుగురు ఏడీహెచ్‌డీ పిల్లలు కనిపిస్తారు. నేను ఇలాంటి సెషన్లు చెప్పి చెప్పి నేర్చుకున్నది ఇదే. డాక్టర్లు కూడా ఆ మాట అనాలంటే లక్షణాలు కనీసం 6 నెలలు ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, బడిలో ఒక్కచోటే కాదు, ఇల్లూ ఆటస్థలం లాంటి ఇంకో చోట కూడా కనిపించాలి. అది మన పని కాదు. మన పని చూడటం, రాయడం.

కాబట్టి సెషన్ మీటింగు రోజు మొదలు కాకూడదు. రెండు వారాల ముందే వాట్సాప్ గ్రూపులో ఒక పని ఇవ్వండి. ఒక్కొక్కరు తమ క్లాసులో ఒక్క పిల్లవాడిని ఎంచుకుని ఐదు రోజులు మూడు గడులు రాయాలి: దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత మనం ఏం చేశాం. పేరు రాయొద్దు. 'అల్లరి', 'మొండి', 'బద్ధకం' లాంటి మాటలు నిషేధం. 'అల్లరి చేశాడు' అని కాదు, 'తెలుగు నోట్సు బోర్డు మీద నుంచి ఎక్కించుకుంటూ ఆరో లైను దగ్గర లేచాడు, పక్కవాడి రబ్బరు లాక్కున్నాడు' అని రాయాలి.

ఈ మూడో గడిలోనే అసలు సంగతి దొరుకుతుంది. మా మండలంలో ఒక టీచర్ గారు తన ఐదు రోజుల కాగితం తెచ్చారు. వరసగా చదివితే ఏముంది, క్లాసులో గోల పెరిగిన ప్రతిసారీ ఆ పాప పక్కవాళ్లని గిల్లుతోంది, టీచర్ బయటికి పంపుతున్నారు, బయట పాప ప్రశాంతంగా వేపచెట్టు కింద కూర్చుంటోంది. పాపకి కావలసింది నిశ్శబ్దం, అది దొరకాలంటే గిల్లాలని మనమే నేర్పాం. ఆవిడ కాగితం చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చేసిందల్లా, గిల్లకముందే వెళ్లి రావడానికి ఒక అట్టముక్క ఇచ్చారు, అది టేబుల్ మీద పెట్టి పాప ఐదు నిమిషాలు వరండాలో కూర్చుని రావచ్చు. గిల్లడం మర్నాడే ఆగలేదు, కానీ నెలకి చాలా తేడా వచ్చింది. మీరు బెల్లు దగ్గర చేసింది కూడా ఇదే, 'ముందు ఏం జరిగింది' అన్న గడి మీరు మనసులో నింపుకున్నారు.

కాగితాల సంగతి కూడా పది నిమిషాలు చెప్పండి, టీచర్లు అడుగుతారు. పిల్లల్లో వైకల్య సూచనలు ఉన్నాయేమో చూసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్‌లో మొదటి భాగం క్లాస్ టీచర్ నింపాలి, రెండో భాగం మాలాంటి స్పెషల్ ఎడ్యుకేటర్లు చూస్తారు. అది స్క్రీనింగ్ మాత్రమే, సర్టిఫికెట్ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు ఉన్నాయి, అందులో ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్నాయి కానీ ఏడీహెచ్‌డీ అని విడిగా లేదు. దానివల్ల కొందరు తల్లిదండ్రులు సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి అలిసిపోతారు, టీచర్ 'కాగితం తెచ్చాక చూద్దాం' అంటారు. ముందు వరసలో కూర్చోబెట్టడానికి, లెక్కలు పదికి బదులు ఐదు ఇవ్వడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. డాక్టరుకి చూపించాలంటే మాత్రం ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీమ్ బడికి వచ్చినప్పుడు చెప్పండి, వాళ్లు చూసే 30 సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి పిల్లలని చూసే డీఈఐసీ కేంద్రానికి రాయించుకోవచ్చు.

జవాబు: ఎస్‌జీటీ, ఖమ్మం జిల్లా

'ఒక్కడి కోసం ఎక్కడ ఆగుతాం' అనేది నేనే అనుకోండి. మా బడిలో ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లం. ఒకరు మీటింగుకి వెళ్తే మిగిలింది ఒక్కరు. అటెండెన్స్ యాప్, భోజనం లెక్కలు, మధ్యలో ఎవరో ఒకరు ఏదో ఒక వివరం కావాలని ఫోను. విద్యాహక్కు చట్టంలో ప్రైమరీకి 30 మందికి ఒక టీచర్ అని రాసుంది కానీ ఐదు తరగతులు ఒకే గదిలో ఉంటే ఆ లెక్కకి అర్థం లేదు. దయచేసి మీ సెషన్‌లో ఈ మాట ఒప్పుకోండి మేడమ్. ఇది తెలియనట్టు మాట్లాడే రిసోర్స్ పర్సన్ చెప్పేది పది నిమిషాల తర్వాత ఎవ్వరూ వినరు.

ఒప్పుకున్నాక, ఖర్చు లేని, టైము తినని పనులు మాత్రమే చెప్పండి. నేను చేసినవి చెప్తాను. మూడో తరగతిలో ఒకడు డెస్కు కింద కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు, డెస్కు ఊగుతుంది, పక్కవాడి రాత పాడవుతుంది, గొడవ. సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి డెస్కు ముందు కాళ్లకి అడ్డంగా కట్టాను. ఇప్పుడు వాడు పాదాలతో దాన్ని నొక్కుకుంటూ ఉంటాడు, చప్పుడు లేదు, డెస్కు ఊగదు. మొదటి వారం అందరికీ అదే కావాలన్నారు, ఇంకో మూడు కట్టాను, తర్వాత మిగతావాళ్లకి మోజు తీరిపోయింది. వాడు మాత్రం ఇప్పటికీ వాడుతున్నాడు.

నోటిమాట సంగతి ఇంకొకటి. 'తెలుగు పుస్తకం తీసి 34వ పేజీ తిప్పి మూడో ప్రశ్నకి జవాబు నోట్‌బుక్‌లో రాసి నాకు చూపించండి' అని నేను రోజూ ఒక్క ఊపులో చెప్పేవాణ్ని. ధ్యాస నిలవని పిల్లవాడికి 'పుస్తకం తీసి' దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడు ఒక్కొక్కటే చెప్పి, అందరూ చేశాక తర్వాతది చెప్తున్నాను. నమ్మండి, వాడికే కాదు, తొలిమెట్టులో (చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం మా తెలంగాణ బడుల్లో పెట్టిన కార్యక్రమం) వెనకబడ్డ మిగతా ఏడుగురికీ పనికొచ్చింది. కాబట్టి మీరు చెప్పాల్సిన జవాబు ఇదే అనుకుంటా, ఒక్కడి కోసం చేసినది ఒక్కడితో ఆగదు.

ఇంకో ముఖ్యమైన మాట. 90 నిమిషాలు చెప్పి దండం పెట్టి వెళ్లిపోతే ఏమీ జరగదు, ఎన్నిసార్లు చూశాను. జాతీయ విద్యా విధానం 2020లో టీచరుకి ఏడాదికి 50 గంటల శిక్షణ అన్నారు. ఆ గంటలన్నీ హాల్లో కూర్చునే గంటలైతే ఎలా? నా క్లాసుకి ఎవరైనా వచ్చి వెనక కూర్చుని ఒక్క పీరియడ్ చూసి, 'సార్, మీరు బోర్డు వైపు తిరిగినప్పుడే వాడు లేస్తున్నాడు' అని చెప్తే అది నాకు ట్రైనింగు. నాకు ఆ మాట చెప్పింది రిసోర్స్ పర్సన్ కాదు, మా పక్క ఊరి టీచర్ ఒకావిడ. ఏదో పని మీద వచ్చి, ఊరికే కాసేపు కూర్చున్నారు.

జవాబు: ఒక అమ్మ, విజయవాడ

నేను టీచర్‌ని కాదు, రాయొచ్చో లేదో తెలియదు, కానీ ఇది చదివాక ఆగలేకపోయాను. మా బాబుకి తొమ్మిదేళ్లు, ఏడీహెచ్‌డీ అని తేలి రెండేళ్లయింది. అంతకు ముందు ఉన్న ప్రైవేటు బడిలో రోజూ డైరీలో ఎర్ర పెన్నుతో ఒక కంప్లయింట్. సాయంత్రం గేటు దగ్గర మిగతా తల్లులందరి ముందు, 'మీ వాడివల్ల క్లాసు నడవట్లేదండీ' అనేవాళ్లు. చివరికి స్పెషల్ స్కూల్లో వేసుకోమని టీసీ చేతిలో పెట్టారు. గుర్తింపు ఉన్న బడి అలా పంపించకూడదని చట్టం ఉందని నాకు అప్పుడు తెలియదు.

మీ సెషన్‌లో ఒక్క పది నిమిషాలు తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో చెప్పండి మేడమ్. గేటు దగ్గర వద్దు. ఫోనులో వాయిస్ మెసేజ్ వద్దు. పిలిచి, కూర్చోబెట్టి, ముందు పిల్లవాడు బాగా చేసే పని ఒకటి చెప్పండి, తర్వాత మీరు చూసింది చెప్పండి, 'ఇంట్లో ఎలా ఉంటాడమ్మా' అని అడగండి. ఇప్పుడున్న బడిలో టీచర్ గారు మొదటి రోజే అడిగింది అదే. 'స్నానానికి తల మీద నీళ్లు పోస్తే ఏడుస్తాడు, చొక్కా మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తేనే వేసుకుంటాడు, అన్నం తినేటప్పుడు మధ్యలో మూడుసార్లు లేస్తాడు' అని చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. పెన్ను పట్టుకుని రాసుకున్నారండీ. ఏడేళ్లలో నేను చెప్పింది ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి, బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను.

జవాబు: రిటైర్డ్ టీచర్, శ్రీకాకుళం

అమ్మా, ఒక్క హెచ్చరిక. నాలుగో తరగతిలో ఒక అమ్మాయి పాఠం మధ్యలో అలా చూస్తూ ఉండిపోయేది, పిలిస్తే పలికేది కాదు, ఐదారు సెకన్లకి ఏమీ జరగనట్టు మళ్లీ రాసుకునేది. ధ్యాస లేదని ఒక ఏడాదంతా కోప్పడ్డాను. చివరికి అవి ఒక రకం ఫిట్స్ అని డాక్టరు గారు చెప్పారు, మందులతో తగ్గాయి. చెవిలో చీము, కంటి చూపు, రక్తం తక్కువ, రాత్రి నిద్ర లేకపోవడం, ఇంట్లో గొడవలు, ఇవన్నీ క్లాసులో ధ్యాస లేనట్టే కనిపిస్తాయి. ముందు అవి చూడమని చెప్పండి. అల్లరి చేసేవాడిని అందరూ చూస్తారు, చివరి బెంచీలో నోరెత్తకుండా ఎటో చూస్తూ కూర్చునే ఆడపిల్లని ఎవరూ చూడరు. ఆ పిల్ల గురించి తప్పకుండా మాట్లాడండి.

జవాబు: ఆక్యుపేషనల్ థెరపిస్ట్, హైదరాబాద్

సెన్సరీ భాగం గురించి రాస్తాను. ఈ ఆలోచన మాకు అమెరికాలో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ 1960లు, 70లలో చేసిన పని నుంచి వచ్చింది. మనం పంచేంద్రియాలు అంటాం, ఆవిడ ఇంకో రెండిటి మీద గట్టిగా దృష్టి పెట్టారు. ఒకటి, లోపలి చెవి ఇచ్చే తూగు, అంటే ఊగడం, తిరగడం, పడిపోకుండా నిలబడటం. రెండోది, కండరాలూ కీళ్ల నుంచి వచ్చే సమాచారం, కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో తెలియడం. ఒకే పిల్లవాడికి ఒక ఇంద్రియంలో స్పందన ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ ఉండొచ్చు. మీ బుడ్డోడికి శబ్దం ఎక్కువగా తాకుతోంది. ఖమ్మం సార్ చెప్పిన పిల్లవాడికి కాళ్ల నుంచి వచ్చే సమాచారం సరిపోవట్లేదేమో, అందుకే ఆ ట్యూబు పని చేస్తూ ఉండొచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

అలాగని నేను టీచర్లకి అతిగా ఆశ పెట్టను. సెన్సరీ ఇబ్బంది ఆటిజం లక్షణాల్లో ఒకటిగా 2013లో డీఎస్ఎం-5లో (మానసిక సమస్యలని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే అమెరికా పుస్తకం) చేరింది, కానీ అదే ఒక విడి జబ్బుగా అందులో లేదు. బరువు చొక్కాలు, ప్రత్యేకమైన బ్రష్షులు అంటూ బయట చాలా అమ్ముతారు, వాటికి గట్టి రుజువు లేదు. మీ టీచర్లతో ఏమీ కొనిపించకండి. పుస్తకాల కట్ట హెచ్‌ఎం గదికి మోసుకెళ్లడం, బోర్డు తుడవడం, నీళ్ల బకెట్టు ఇద్దరు కలిసి తేవడం, ఇవి చాలు. ఒక్కటే, వాడు గొడవ మొదలుపెట్టాక ఇవ్వకండి, 20 నిమిషాలకోసారి మామూలుగానే ఇవ్వండి. గొడవ చేశాకే ఇస్తే భవిత మేడమ్ చెప్పిన వేపచెట్టు కథే అవుతుంది.

చేతులెత్తి వేడుకుంటున్నాను, డ్రిల్ పీరియడ్ కట్ చెయ్యడం శిక్షగా వాడొద్దని చెప్పండి. కదలకపోతే నిలవలేని పిల్లవాడికి ఆ కదలికే లేకుండా చేస్తే మధ్యాహ్నం ఎలా ఉంటాడు? గుడ్డు వాసన పడక పళ్లెం తోసేసిన పిల్లని కూడా తినేదాకా కూర్చోబెట్టకండి, వరస చివర, వంటగదికి దూరంగా కూర్చోనివ్వండి.

ఎడమ చేత్తో రాయిస్తూ పక్కన పళ్లేలు మోగించే ఆట ట్రైనింగుల్లో చేయిస్తుంటారు. చేయిస్తే ఐదు నిమిషాలే చేయించండి, అవగానే 'పాపం' అనే మాట రానివ్వకుండా, 'అప్పుడు మీకు ఏం దొరికితే రాయగలిగేవారు?' అని అడగండి. జాలి పుట్టించి వదిలేస్తే ఆ ఆట వల్ల లాభం లేదు. నన్నడిగితే అంతకంటే మంచి పని, ఆ హాల్లో 40 నిమిషాలు దాటాక మీ టీచర్లనే చూడండి. ఒకరు కాలు ఊపుతుంటారు, ఒకరు పెన్ను క్లిక్కుమనిపిస్తుంటారు, ఒకరు నీళ్ల కోసం బయటికి వెళ్తారు. అక్కడే ఆపి, 'మీరిప్పుడు చేసింది ఏమిటి, ఎందుకు చేశారు' అని అడగండి.

ప్రశ్న అడిగినవారు: ఎస్‌జీటీ, ప్రకాశం జిల్లా

అందరికీ చాలా థాంక్స్. విజయవాడ అమ్మగారూ, మీరు రాయాల్సిన చోటే రాశారు, మీ అనుమతి ఉంటే ఆ 'రాసుకున్నారు' అన్న సంగతి ఊరు చెప్పకుండా మీటింగులో చెప్తాను.

స్లైడ్లు తీసేశాను. మూడు గడుల కాగితం నిన్న గ్రూపులో పెట్టాను, పొద్దున్నకి పదకొండు మంది చేస్తామన్నారు. మీటింగులో పదేసి మంది ఒక గుంపుగా కూర్చుని ఆ కాగితాలే చదువుతారు, ప్రతి ఒక్కరూ తమ క్లాసులో మార్చబోయే ఒక్క విషయం రాసుకుని వెళ్తారు, ఒక్కటే. ఖమ్మం సార్ చెప్పినట్టు పక్క పక్క బడుల టీచర్లని జతలుగా వేసి, నెలలో ఒకసారి ఒకరి క్లాసుకి ఒకరు వెళ్లేలా ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి అనుమతి అడిగాను. ఏకోపాధ్యాయ పాఠశాలల వాళ్లు బడి వదిలి ఎలా వెళ్తారన్నారు, అది సబబే, వాళ్ల దగ్గరికి మా మండలం ఐఈఆర్టీ గారిని పంపమని అడిగాను. తర్వాతి కాంప్లెక్స్ మీటింగులో మొదటి అరగంట దీనికే ఉంచమన్నాను, మార్చినదాని వల్ల ఏమైందో చెప్పుకోవడానికి.

ఒక చిన్న సందేహం. మాకు ఒక గది రేకుల షెడ్డు. వాన పడితే ఆ చప్పుడుకి నా మాట నాకే వినపడదు, ఈ పిల్లవాడు ఇప్పుడు మూడో తరగతిలో ఆ గదిలోనే కూర్చుంటున్నాడు. బెల్లంటే వాడి చేతికిచ్చాం, వానని ఎలా ఇస్తాం?

జవాబు: ఐఈఆర్టీ, భవిత కేంద్రం

మబ్బు పట్టగానే వాడికి చెప్పండి మేడమ్, 'ఇంకాసేపట్లో చప్పుడు వస్తుంది, వస్తే నువ్వు ఫలానా చోట కూర్చో' అని. ఆ చోటు స్లాబు ఉన్న గదిలో ముందే చూసి పెట్టండి, ఎండ ఉన్న రోజే ఒకసారి నడిపించి చూపించండి. ఒక స్నేహితుడిని తోడు పంపండి. మిగతావాళ్లకి కూడా వానలో నోటి పాఠం వద్దు, రాతపనో బొమ్మలో ఇవ్వండి. వాన తగ్గాక తిరిగి ఎలా రావాలో కూడా ముందే చెప్పి ఉంచండి, వాళ్లకి వెళ్లడం కంటే మళ్లీ వచ్చి క్లాసులో కలవడం కష్టం.